పరిశ్రమల మురుగునీటివలన చెడిన భూములు – న్యాయస్థానమునకు పోవు రైతు సిద్ధపరచుకొనవలసిన ఆధారములు

వాన కురియనిచో రైతు చెరువును, బావిని నమ్ముకొనును. పురుగు పట్టినచో మందు చల్లును. భూసారము తగ్గినచో పశువుల ఎరువు తోలి, పచ్చిరొట్ట దున్ని నేలను సరిచేసికొనును. ఇవి యన్నియు అతని చేతిలోనున్న పనులు. కాని ఎగువనున్న కర్మాగారపు మురుగునీరు వాగులో కలిసి, బావులలో ఊరి, నేలను పాడుచేసినప్పుడు రైతు తన పొలములో ఎంత శ్రమించినను ఫలితముండదు. చెరుపు పుట్టిన చోటు అతని గట్టుకు ఆవల నున్నది.

అట్టి చెరుపును ఆపించుటకును, జరిగిన నష్టమునకు పరిహారము రాబట్టుటకును చట్టములు కలవు, న్యాయస్థానములు కలవు. వానిని ఆశ్రయించి తీర్పులు పొందిన గ్రామములును కలవు. అయితే న్యాయస్థానము తన ఎదుట పెట్టిన ఆధారమునుబట్టియే తీర్పు చెప్పును. కోర్టులో వకీలు వాదన ఎంత ముఖ్యమో, ఊరిలో మొదటి దినమునుండి వ్రాసి ఉంచుకొన్న లెక్క అంత ముఖ్యము. ఆ లెక్కను ఎట్లు సిద్ధపరచుకొనవలెనో, ఎవరియొద్దకు ఎప్పుడు పోవలెనో రైతు సోదరులకును, గ్రామాధికారులకును తెలియజేయుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పాలారు రైతుల అనుభవము

పాలారు నది కర్ణాటకలో పుట్టి, చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతముగుండా సుమారు 33 కిలోమీటర్లు ప్రవహించి తమిళనాడులో ప్రవేశించును. అచ్చట వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట ప్రాంతములలో తోళ్ళను పదునుచేయు కర్మాగారములు అనేకము కలవు. పచ్చితోళ్ళు కుళ్ళకుండ ఉప్పు పట్టింతురు. ఆ ఉప్పును కడిగిన నీరు, తోలును పదునుచేయుటకు వాడిన క్రోమియము మొదలగు రసాయనములు కలిసిన నీరు శుద్ధిచేయబడకుండ పొలములలోనికి, వాగులలోనికి, చివరకు పాలారులోనికి విడువబడెను. బావుల నీరు ఉప్పెక్కినది. పైరు నిలువలేదు. త్రాగునీటికి సహితము కరవు వచ్చినది.

వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక 1991లో సుప్రీంకోర్టులో పిటిషను వేసినది. ఆ కేసులో కోర్టు ఎదుటకు వచ్చిన ఆధారములను గమనింపుడు. వెల్లూరులోని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయ పరిశోధనా కేంద్రమువారి సర్వే ప్రకారము తోళ్ళ కర్మాగారముల ప్రాంతములో దాదాపు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగాగాని పూర్తిగాగాని సేద్యమునకు పనికిరాకుండ పోయినది. దిండిగల్ ప్రాంతమున 13 గ్రామములలో జరిపిన మరియొక సర్వేలో త్రాగుటకు, సాగుకు వాడు 467 బావులలో 350 బావులు చెడినట్లు తేలినది. ఒక రైతు తన బావి చెడినదని చెప్పినచో అది ఫిర్యాదు. పదమూడు గ్రామముల బావులను ఒక్కొక్కటిగా లెక్కించి, ఇన్నింటిలో ఇన్ని చెడినవని వ్రాసినచో అది ఆధారము.

1996 ఆగస్టు 28న జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన గల ధర్మాసనము తీర్పు చెప్పినది. తోళ్ళ పరిశ్రమ వలన దేశమునకు విదేశీ ద్రవ్యము, ప్రజలకు పని లభించుచున్నమాట నిజమే యైనను, భూమిని, నీటిని నాశనముచేయు హక్కు దానికి లేదని కోర్టు పలికినది. ప్రతి కర్మాగారమునకు రూ.10,000 జరిమానా విధించినది. నష్టమును లెక్కకట్టి, దానిని కలిగించిన వారినుండి వసూలు చేసి బాధితులకు ఇప్పించుటకు విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక ప్రాధికార సంస్థను నెలకొల్పుమని కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది.

ఆ సంస్థ గ్రామములు తిరిగి, దరఖాస్తులు విచారించి, 2001 మార్చి 7న పరిహారము ప్రకటించినది. 1991 నుండి 1998 వరకు జరిగిన నష్టమునకుగాను 29 వేల మందికి పైగా బాధితులకు సుమారు రూ.26.82 కోట్లు ఇవ్వవలెనని నిర్ణయించినది. సగటున చూచినచో ఒక్కొక్కరికి రూ.9 వేల పైచిలుకు మాత్రమే. 2009లో మరికొందరికి రెండవ ప్రకటన వెలువడినది. అయినను సమస్య అంతటితో తీరలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఈ విషయమును మరల విచారించి, ఇంకను పరిహారము అందని వారికి ఆరు వారములలో చెల్లింపవలెననియు, ఆ సొమ్మును కాలుష్యము కలిగించిన వారినుండి రాబట్టవలెననియు, పాలారు బాగోగులు చూచుటకు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన సంఘము వేయవలెననియు ఆదేశించినది.

పిటిషనునకును ఈ తీర్పునకును నడుమ 33 సంవత్సరములు గడచినవి. 1991లో తండ్రి సాగుచేసిన చెలకను ఇప్పుడు కొడుకు చూచుచున్నాడు. ఈ సంగతి రైతులను నిరుత్సాహపరచుటకు చెప్పుటలేదు. భూమి పూర్తిగా చెడినతరువాత కదలుటకంటె మొదటి చిహ్నము కనబడగనే కదలుట మేలని గ్రహించుటకు చెప్పుచున్నాము. పరిహారపు సొమ్ము చేతికి వచ్చినంతమాత్రమున ఉప్పెక్కిన నేల తీపి నేల కాజాలదు.

న్యాయస్థానములు ఏర్పరచిన సూత్రములు

రైతు తెలిసికొనవలసిన సూత్రములు ముఖ్యముగ నాలుగు.

మొదటిది: పరిశుభ్రమైన నీరు, గాలి పొందుట రాజ్యాంగము 21వ అధికరణము క్రింద జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పినది.

రెండవది: చెరిచినవాడే చెల్లింపవలెను. రాజస్థాన్‌లోని ఉదయపూర్ జిల్లా బిచ్‌రీ గ్రామములో రసాయన కర్మాగారముల వ్యర్థములు బావులను పాడుచేసినవి. 1989లో పిటిషను దాఖలైనది. 1996 ఫిబ్రవరి 13న తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు ఇచ్చిన తీర్పులో, బాధితులకు పరిహారమేగాక నేలను, నీటిని బాగుచేయు ఖర్చును సైతము కాలుష్యకారులే భరింపవలెనని నిర్ణయించిరి. వారు చెల్లింపక తగాదాలు పెంచగా 2011లో సుప్రీంకోర్టు సుమారు రూ.37.38 కోట్లను 1997 నుండి చక్రవడ్డీతో కట్టుమని ఆజ్ఞాపించినది.

మూడవది: కీడు కలుగునని తగిన శంక యున్నప్పుడు, శాస్త్రీయముగ పూర్తి రుజువు లేదను సాకుతో నివారణ చర్యలను వాయిదా వేయరాదు. ఈ ముందుజాగ్రత్త సూత్రమును పైన చెప్పిన వెల్లూరు తీర్పు మన చట్టములో భాగముగ అంగీకరించినది.

నాలుగవది: తన పరిశ్రమవలన హాని లేదని రుజువుచేయు బాధ్యత పరిశ్రమ పెట్టువానిదే. హైదరాబాదు జంటనగరములకు నీరిచ్చు హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయముల పరీవాహక ప్రాంతములో ఒక నూనె ఉత్పత్తుల కర్మాగారము పెట్టదలచిన కేసులో, 1999 జనవరి 27న సుప్రీంకోర్టు ఈ విషయమును వివరించినది.

అయితే నాలుగవ సూత్రమునుబట్టి రైతు చేతులు కట్టుకొని కూర్చుండవచ్చునని తలపరాదు. తన పొలము ఎక్కడనున్నది, అందు ఏమి పండెడిది, ఇప్పుడేమి పండుచున్నది, ఎంత నష్టపడెను అను విషయములను రైతే చూపవలెను.

చెడు నీటి చిహ్నములు

వాగులో నురగ తేలుట, నీటి రంగు వాసన మారుట, చేపలు చచ్చి తేలుట, పశువులు నీరు ముట్టకుండుట, ఆ నీటిలో దిగినవారికి దురదలు పుట్టుట మొదటి చిహ్నములు. పొలములో మొలక సరిగా రాదు. ఆకుల కొనలు, అంచులు మాడును. నేలపై తెల్లని పొర తేలును. నీరు ఇంకక నిలిచిపోవును.

ఇందు కొన్ని చిహ్నములు పొటాషు, జింకు లోపములవలనను, మురుగు నిలుచుటవలనను కలుగవచ్చును. కనుక కంటితో చూచి నిర్ణయింపరాదు, పరీక్ష చేయింపవలెను. సాగునీటి విద్యుత్ వాహకత, అనగా ఇ.సి., మీటరుకు 2.25 డెసిసీమెన్స్ దాటినచో అది చాల ఉప్పునీరు. మట్టిని నీటితో సంతృప్తపరచి తీసిన ద్రావణములో ఇ.సి. 4 దాటినచో అది పాలచౌడు భూమి. పి.హెచ్. 8.5 దాటి సోడియము హెచ్చుగానున్నచో కారుచౌడు. త్రాగునీటిలో కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకుండుట మంచిది. వేరు నీటివసతి లేనప్పుడు 2,000 వరకు ప్రమాణములు అనుమతించుచున్నవి. అంతకు మించిన నీరు త్రాగుటకు తగదు.

రైతు సిద్ధపరచుకొనవలసిన ఆధారములు

1. దినచర్య పుస్తకము: ఒక నోటుపుస్తకములో తేదీ, వేళ, చూచిన విషయము, చూచినవారి పేర్లు వ్రాయవలెను. మురుగునీటిని రాత్రివేళగాని, వాన కురియుచున్నప్పుడుగాని విడుచుట కద్దు. కనుక వేళ తప్పక వ్రాయవలెను. ఆనాడే వ్రాయవలెను. ఆరు మాసముల తరువాత జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిన దానికి విలువ తక్కువ. తేదీ, స్థలము తెలియునట్లు సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి, అసలు ఫోటోలను చెరపక భద్రపరచవలెను.

2. నీటి నమూనాలు: మురుగు కలియు చోటికి ఎగువన ఒకటి, కలియు చోట ఒకటి, దిగువన ఒకటి చొప్పున తీయవలెను. ఎగువ నమూనా లేనిచో దిగువ నీరు దేనివలన చెడినదో చెప్పుట కష్టము. బావినుండి తీయునప్పుడు మోటారును పది నిమిషములు నడిపి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు మారులు కడిగి నింపవలెను. మందుల సీసాలు, నూనె సీసాలు వాడరాదు. సర్వే నంబరు, బావి యజమాని పేరు, తేదీ, వేళ చీటీపై వ్రాసి అంటించి, ఆలస్యము లేకుండ ప్రయోగశాలకు పంపవలెను. వానలకు ముందు ఒకమారు, తరువాత ఒకమారు అవే బావులనుండి తీసిన నమూనాలు మిక్కిలి ఉపయోగకరములు.

ఈ పరీక్ష ఫిర్యాదునకు బలము నిచ్చును. కాని 1974 నీటి చట్టము క్రింద కర్మాగారముపై కోర్టులో చెల్లునట్టి నమూనాను కాలుష్య నియంత్రణ మండలి అధికారి తీయవలెను. ఆయన అక్కడికక్కడే కర్మాగారమువారికి నోటీసు ఇచ్చి, నమూనాను రెండు భాగములు చేసి, ఇరువురి సంతకములతో సీలు వేయవలెను. ఈ పద్ధతి తప్పినచో ఫలితము సాక్ష్యముగా చెల్లకపోవచ్చును. అధికారి వచ్చినప్పుడు గ్రామస్థులు దగ్గరనుండి నమూనా ఏ చోట తీసినదియు గుర్తుంచుకొనవలెను.

3. మట్టి నమూనాలు: ఎకరమునకు ఎనిమిది, పది చోట్ల ఆంగ్ల అక్షరము ‘వి’ ఆకారమున 15 సెంటీమీటర్ల లోతున గుంట తీసి, అంచు మట్టిని సేకరించి, కలిపి, నాలుగు భాగములుచేసి ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలోకు తేవలెను. ఉప్పు అనుమానమున్నచో 90 సెంటీమీటర్ల వరకు పొరపొరకు వేరుగ తీయవలెను. అదే నేల రకముగలిగి మంచి నీటితో పారు పొలమునుండి గూడ ఒక నమూనా తీయుట మరువరాదు. జిప్సము చల్లకముందే, నేలకు ఏ చికిత్సయు చేయకముందే నమూనా తీయవలెను.

4. పంట లెక్క: అడంగలు లేక పహాణీ నకళ్ళలో చెడకముందు సంవత్సరముల పంట, చెడినతరువాత సంవత్సరముల పంట రెండును ఉండవలెను. పంట వేసిన పొలమును బీడుగా వ్రాసినను, బీడును పంటగా వ్రాసినను నష్టము ఋజువుచేయుట కష్టమగును. ధాన్యము అమ్మిన రసీదులు, మార్కెట్ యార్డు చీటీలు, విత్తనములు ఎరువులు కొన్న బిల్లులు, పాల కేంద్రపు పుస్తకము, పశువైద్యుని చీటీలు దాచియుంచవలెను. కౌలుదారు తన కౌలుపత్రమును, సాగుదారు గుర్తింపు కార్డును భద్రపరచుకొనవలెను. పట్టా లేదన్న కారణమున అతని నష్టము లెక్కకు రాకపోవు ప్రమాదము కలదు.

5. అర్జీల నకళ్ళు: నోటిమాటతో చెప్పిన ఫిర్యాదు గాలిలో కలియును. ప్రతి అర్జీని రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై కచేరీ ముద్ర, తేదీ వేయించుకొనవలెను. లేదా స్పీడు పోస్టున పంపి రసీదు దాచవలెను. కర్మాగారమునకు ఏ షరతులపై అనుమతి ఇచ్చిరో, తనిఖీలో ఏమి కనుగొనిరో తెలియగోరుచు 2005 సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. 30 దినములలో జవాబు రావలెను.

ఎవరియొద్దకు పోవలెను?

మొదట గ్రామసభలో తీర్మానము చేయించి, దాని నకలుతో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయమునకును, జిల్లా కలెక్టరుకును అర్జీ పంపవలెను. పెక్కు తగవులు ఈ దశలోనే తీరవచ్చును.

తీరనిచో జాతీయ హరిత ట్రిబ్యునల్ కలదు. ఇది 2010 చట్టము క్రింద ఏర్పడినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల వ్యవహారములను చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనము విచారించును. ట్రిబ్యునల్ పరిధిలోని ఇట్టి తగాదాలను మామూలు సివిలు కోర్టులు విచారింపరాదు. నష్టపడినవాడు, ఆస్తి యజమాని, మరణించినవాని వారసులు, బాధితుల తరపున సంఘము దరఖాస్తు చేయవచ్చును. వకీలును పెట్టుకొనవచ్చును, లేదా స్వయముగ వాదించుకొనవచ్చును. ప్రమాదమువలన కలిగిన హానికి, కర్మాగారమువారి తప్పు ఋజువు కాకున్నను పరిహారము విధింపవచ్చునని చట్టము చెప్పుచున్నది.

గడువును మాత్రము మరువరాదు. కాలుష్యమును ఆపించుటకు వేయు దరఖాస్తు, తగవునకు కారణము మొదట ఏర్పడిన నాటినుండి 6 మాసములలోను, పరిహారము, భూమి పునరుద్ధరణ కోరు దరఖాస్తు 5 సంవత్సరములలోను వేయవలెను. తగిన కారణము చూపినచో మరి 60 దినముల వరకు మన్నింతురు. ఆపైన వీలులేదు. దినచర్య పుస్తకములో మొదటి తేదీ వ్రాసియుంచుట ఎంత అవసరమో దీనినిబట్టి తెలియును.

పరిహారము కోరనిచో రుసుము రూ.1,000. కోరినచో ఆ మొత్తములో నూటికి ఒకటి, కనీసము రూ.1,000. రూ.2 లక్షలు కోరువారు రూ.2,000 కట్టవలెను. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు పరిహారము కోరునప్పుడు రుసుము కట్టనక్కరలేదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, నిర్ణీత ఆదాయము మించనివారు 1987 చట్టము క్రింద న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచితముగ వకీలును పొందవచ్చును. జిల్లా కోర్టు ఆవరణలో ఈ సంస్థ కార్యాలయముండును. ట్రిబ్యునల్ తీర్పుపై 90 దినములలో సుప్రీంకోర్టునకు అప్పీలు చేయవచ్చును.

పటాన్‌చెరు, బొల్లారం పరిశ్రమల మురుగునీటిని గూర్చి 1990లో సుప్రీంకోర్టునకు పోయిన పిటిషను తరువాత హైకోర్టునకును, అచ్చటినుండి హరిత ట్రిబ్యునల్‌నకును బదిలీయైనది. ఇట్టి సుదీర్ఘ వ్యాజ్యములలో ఒంటరి రైతు అలసిపోవును. కనుక ఊరివారందరు ఒక సంఘముగనేర్పడి, కాగితములన్నియు ఒకచోట భద్రపరచి, నకళ్ళు మరియొకచోట ఉంచుట మంచిది.

కేసు నడచుచుండగా భూమి సంగతి

తీర్పు వచ్చువరకు నేలను వదలివేయరాదు. చెడునీరు పారించుట వెంటనే మానవలెను. పాలచౌడు నేలకు మురుగు కాలువలు తీసి, మంచినీరు నిలగట్టి, ఉప్పును కడిగి బయటకు పంపవలెను. కారుచౌడు నేలకు మట్టి పరీక్ష ప్రకారము జిప్సము వేయవలెను. జీలుగ రెండింటికిని మేలుచేయును. ప్రత్తి ఉప్పును కొంతవరకు తట్టుకొనును, చిక్కుడుజాతి పైరులు తట్టుకొనలేవు. క్రోమియము, సీసము వంటి భారలోహములున్నట్లు పరీక్షలో తేలినచో ఆకుకూరలు, పశుగ్రాసము పండింపరాదు. ఈ పనుల ఖర్చుకు రసీదులుంచినచో పునరుద్ధరణ వ్యయమును గూడ కోరవచ్చును.

గ్రామాధికారులకు మనవి

అడంగలులోని ఒక్క అక్షరము పది సంవత్సరముల తరువాత ఒక కుటుంబమునకు పరిహారము తెచ్చిపెట్టవచ్చును, పోగొట్టవచ్చును. కనుక పొలమునకు పోయి చూచిన పిమ్మటనే పంట నమోదు చేయవలెను. చెడిన బావుల జాబితాను సర్వే నంబర్లతో తయారుచేసి యుంచవలెను. రైతు అర్జీ తెచ్చినప్పుడు ముద్ర వేసి నకలు ఇచ్చుట ఉపకారము కాదు, విధి. వ్యవసాయాధికారి పరీక్ష ఫలితములను రైతుకు తెలుగులో వివరించి, ఒక ప్రతిని కార్యాలయములో భద్రపరచవలెను.

ఈ సంవత్సరము వానలకు ముందే మీ ఊరి బావులను లెక్కించి, నీటిని పరీక్షింపజేసి, ఫలితములను ఒక పుస్తకమునకెక్కింపుడు. నీరు మంచిదని తేలినచో సంతోషము, ఆ కాగితమునే దాచియుంచుడు. రేపెన్నడైన నీరు చెడినచో, నేడు మంచిదిగానుండెనని చూపగల ఆధారము అదియే.